మిశ్రచాపులో కొట్టుకున్న గుండె

ఈశ్వరికి ఒక జబ్బుంది. ఏ చప్పుడు చెవిన పడ్డా దానికి తాళం కట్టేస్తుంది. సీలింగు ఫ్యాను కిర్రుమంటే అది రూపకతాళం. పక్కింటి గ్రైండరు ఆదితాళం, కాకపోతే నడుమ పప్పు అడ్డం పడి ఒక అక్షరం మింగేస్తుంది. వానరోజున నెల్లిమర్ల బస్సెక్కితే అద్దం మీద వైపరు ఎన్నిసార్లు ఊగిందో దిగేటప్పుడు చెప్పగలదు. ఇది తండ్రి జగన్నాధం నుంచి సంక్రమించిన జబ్బు. ఆయన డోలు వాయించేవాడు. శ్రీకూర్మం గుడి మేళంలో వాయించడం నేర్చుకుని, పెళ్లయ్యాక విజయనగరం వచ్చి, ముప్పై ఏళ్లపాటు ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లకి డోలు మోగించాడు. కూతురికి నడక రాకముందే వేళ్ల మీద లెక్క నేర్పాడు.

ఆ లెక్కే ఇప్పుడామెకి అన్నం పెడుతోంది. కోట వెనక సందులో ఒక పాత మేడ ఉంది. పై అంతస్తులో మూడు బల్లలు, మూడు కంప్యూటర్లు, కిటికీకి వెలిసిపోయిన ఆకుపచ్చ కర్టెను. పేరుకి అదొక పరీక్షా కేంద్రం. గుండె ఆగి పడిపోయినవాళ్ల ఛాతీకి తగిలించే షాక్ పెట్టెలను అక్కడ పరీక్షిస్తారు. డాక్టరు లేనిచోట ఆ పెట్టే డాక్టరు. రెండు బిళ్లలు ఛాతీకి అంటిస్తే గుండె నడకను అదే వింటుంది, తీర్పూ అదే చెబుతుంది. గుండె కొట్టుకోవడం మానేసి ఊరికే వణుకుతూ ఉంటే షాక్ ఇవ్వాలంటుంది. కొట్టుకుంటూ ఉన్నా, పూర్తిగా ఆరిపోయినా అక్కర్లేదంటుంది. ఆ తీర్పు నూటికి ఎన్నిసార్లు నిజమో తేల్చడమే ఆ మేడమీద పని.

పనిచేసేది ముగ్గురు. పెద్ద దిక్కు డాక్టర్ తిరుమలరావు. శ్రీకాకుళంలో జీవితమంతా గుండెలు చూసి రిటైరైన మనిషి, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఇక్కడికొచ్చాడు. రెండోవాడు కామేష్. సాలూరులో లారీల ఇంట పుట్టి, లారీ ఎక్కితే వాంతులవుతాయని ఇంజనీరింగు చదివినవాడు. మూడోది మన ఈశ్వరి, ఈసీజీ టెక్నీషియను.

పెట్టెలు తాము విన్న ప్రతి గుండెనీ గీతగా దాచుకుంటాయి. ఆ గీతలు ముప్పై సెకన్ల పట్టీలుగా తెరమీదికొస్తాయి. పేరుండదు, ఊరుండదు, తేదీ ఉండదు, నంబరొకటే ఉంటుంది. ముగ్గురూ ఎవరికి వారు చూసి ఎర్ర మీటో పచ్చ మీటో నొక్కాలి. ఎరుపంటే షాక్ ఇవ్వాల్సిన గుండె, పచ్చంటే అక్కర్లేనిది. ముగ్గురి మాటా ఒకటైతే అదే నిజమని రాసుకుని, ఆ పక్కన పెట్టె ఏమన్నదో చూస్తారు. ఒక్కరు కాదన్నా శుక్రవారం నాడు ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాలి. చేరిన మొదటిరోజే డాక్టరుగారు ఆమెకి మూడు నియమాలు చెప్పాడు. పక్కవాడి తెర చూడకూడదు. ఈ గుండె ఎవరిదని అడగకూడదు. జాలి పడకూడదు.

మొదటిదీ మూడోదీ ఈశ్వరికి తేలికే. రెండోదాన్ని మాత్రం రోజూ మనసులో తప్పుతూనే ఉంది. నిజానికి ఆ రెండోదాన్ని తప్పడానికే ఆమె ఈ ఉద్యోగంలో చేరింది.

నాలుగేళ్ల కిందట మాఘమాసంలో, ఒక కల్యాణమండపంలో, పగలు పదకొండు గంటల ముహూర్తానికి జగన్నాధం గట్టిమేళం వాయించాడు. పక్కన శ్రుతిపెట్టె ముందేసుకుని ఈశ్వరి తాళం వేస్తోంది. తాళి కట్టడం అయింది, అక్షింతలు పడ్డాయి, మేళం ఆగింది. జగన్నాధం మాత్రం డోలు మీదికి వంగి అలాగే ఉండిపోయాడు. దణ్ణం పెట్టుకుంటున్నాడనుకున్నారు. సన్నాయి వాయించేవాడు ఆయన భుజం తట్టేసరికి పక్కకి ఒరిగిపోయాడు.

అప్పట్లో ఒక దాతల సంఘం విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో నలభై షాక్ పెట్టెలు పంచింది. అందులో ఒకటి ఆ మండపం గోడకి వేలాడుతోంది. మేనేజరు పరుగున తెచ్చి బిళ్లలు అంటించాడు. పెట్టె గొంతు సవరించుకున్నట్టు కీచుమని, ఆపైన చక్కటి తెలుగులో మాట్లాడింది. రోగి హృదయ స్పందన విశ్లేషించబడుచున్నది, రోగిని స్పృశించరాదు అంది. అక్కడున్న మూడువందల మందిలో ఆ మాట బుర్రకెక్కినవాడు ఒక్కడూ లేడు. అప్పటిదాకా పురోహితుడి మంత్రాలు విన్న చెవులు, ఇదీ అందులో భాగమే అనుకున్నాయి. పైగా రోగి ఎవరు? జగన్నాధానికి జ్వరం వచ్చి కూడా పదేళ్లయింది.

ఈ ప్రాంతంలో మనిషి పడిపోతే ముందు చేసే పని అరికాళ్లు రాయడం. ముఖాన నీళ్లు కొట్టడం కూడా దాని తరవాతే. ఈశ్వరి తల్లి తాయారు జనాన్ని తోసుకుంటూ వచ్చి, భర్త పాదం పట్టుకుని చూసి, కూతురి మీద ఒక్క అరుపు అరిచింది. "కాళ్లు సల్లబడిపోతన్నాయే, రాయే, గట్టిగా రాయే." ఈశ్వరి రాసింది. పెట్టె మూడుసార్లు స్పృశించరాదంది, మూడుసార్లూ ఆమె రాస్తూనే ఉంది. మిగతా అందరూ పెట్టె అరుపుకి జడిసి తలా ఒక అడుగు వెనక్కి వేశారు. పడిపోయినవాడి కాళ్లు రాయడం తప్పని ఎవరికీ తోచలేదు.

చివరికి పెట్టె అందరికీ అర్థమయ్యే మాట ఒకటి చెప్పింది. షాక్ అవసరం లేదు. మండపమంతా ఊపిరి పీల్చుకుంది. అవసరం లేదంట, గండం గడిచిందంట అని వెనకవాళ్లకి కబురందింది. ఎవరో సోడా కొట్టి తెచ్చారు. ఆ తరవాత ఛాతీ నొక్కమని పెట్టె ఎంతసేపు మొత్తుకున్నా ఆ సందడిలో విన్నవాళ్లు లేరు. అంబులెన్సు వచ్చేసరికి సోడాలో గ్యాసు కూడా పోయింది.

ఆ రోజు నుంచి తాయారు బతుకుతున్నది ఒక్క మాట మీద. పరామర్శకి ఎవరొచ్చినా, వీధిలో ఎవరు కలిసినా అదే చెబుతుంది. "పెట్టె కూడా అక్కర్నేదనీసింది. అక్కడికే రాసిపెట్టున్నాది. కూతురి సేతిలో కాళ్లెట్టి ఎల్లిపోనాడు, అలాటి సావు ఎవలికి వస్తాది." విన్నవాళ్లు అవునవునని తలూపుతారు. ఈశ్వరి కూడా ఊపేది. కానీ ఆమెకి ఒకటే గుబులు. ఆ పెట్టె అసలు ఏం విన్నది? ఆయన గుండె ఆఖరిసారి ఏం చెప్పింది? ఆ గుబులుతోనే రెండేళ్లు ఈసీజీ కోర్సు చదివింది, ఆ గుబులుతోనే ఈ మేడ మెట్లెక్కింది.

ఆషాఢం ముసురులో ఒక సోమవారం కామేష్ తడిసిన గొడుగు మూలన పెట్టి, "అక్కా, ఈసారి మన జిల్లాలవే. దాతల సంఘం పెట్టెల్లో పడున్న పట్టీలన్నీ వచ్చీసేయి, రెండొందల పన్నెండు" అన్నాడు. ఈశ్వరి టీ గ్లాసు బల్లమీద పెట్టింది. కాస్త ఒలికితే కొంగుతో తుడిచింది.

ఆ వారమంతా ఆమె నిద్రలో నడిచినట్టే నడిచింది. బయట పడుతోందో ఆగిందో తెలియని వాన. వీధి చివర ఎవరింట్లోనో పిల్లలు వయొలిన్ సాధన చేస్తుంటారు, అదే వరస మళ్లీ మళ్లీ. ఆ వరస కిందుగా తెరమీద ఆకుపచ్చ గీతలు ఎడమ నుంచి కుడికి పోతూ ఉంటాయి. ఒకటి నాలుగేసి లెక్కన చతురశ్రంలో నిక్షేపంగా నడుస్తుంది, ఆ మనిషి ఊరికే కళ్లు తిరిగి పడి ఉంటాడు, ఇప్పుడు ఎక్కడో వేడన్నం తింటూ ఉంటాడు. ఒకటి మూడేసి లెక్కన తిశ్రంలో పరుగెడుతుంది. ఒకటి సన్నగా, పిచ్చిగా, ఏ లెక్కకీ అందకుండా వణుకుతుంది. అలాంటివి చూసినప్పుడు ఈశ్వరి వేళ్లు ఒళ్లో ఆగిపోతాయి. తాళం కట్టలేని గుండే షాక్ ఇవ్వాల్సిన గుండె అని ఆమె సొంత సూత్రం. డాక్టరుగారు చదివిన లావుపాటి పుస్తకాల్లో ఇది లేదు గాని, ఏడాదిగా ఒక్కసారి కూడా తప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం అన్నం తిన్నాక రెప్పలు వాలాయి. శ్రీకూర్మం గుళ్లో తాబేళ్లు కనిపించాయి. చిన్నప్పుడు తాతగారింటికి వెళ్లినప్పుడల్లా చూసేవే. చల్లటి రాతి నేలమీద ఒక్కొక్కటీ తీరిగ్గా నడిచిపోతోంది. ఒక్కొక్కదాని వీపు మీద ఒక్కొక్క ఆకుపచ్చ గీత వెలుగుతోంది. తండ్రి స్తంభానికి ఆనుకుని కూర్చుని, డోలు లేకుండా, ఒట్టి మోకాలి మీద దరువు వేస్తున్నాడు. తకిట తకధిమి, తకిట తకధిమి. "ఏది నీది నాన్నా?" అని అడిగింది. ఆయన లెక్క ఆపలేదు. లెక్క మధ్యలో మాట్లాడ్డం ఆయనకి బతికున్నప్పుడూ అలవాటు లేదు.

మెలకువ వచ్చేసరికి తెరమీద నూట పద్దెనిమిదో పట్టీ ఉంది. ఆమె వేళ్లు ఒళ్లో తకిట తకధిమి వేస్తున్నాయి. కలలో దరువు ఇంకా ఆగలేదనుకుంది. కాసేపటికి తెలిసింది, వేళ్లు వేస్తున్నది కలలోది కాదు, తెరమీదిది.

చూడ్డానికి అదొక మామూలు ముసలి గుండె. నిమిషానికి ఎనభై అయిదు దెబ్బలు, కొంచెం ఎగుడుదిగుడు నడక. పెట్టె షాక్ అక్కర్లేదంది. ఎవరైనా పచ్చ నొక్కి టీ తాగడానికి పోతారు. కానీ ఈశ్వరి స్కేలు తీసి దెబ్బకీ దెబ్బకీ మధ్య జాగా కొలిచింది. మూడు, నాలుగు. మూడు, నాలుగు. మళ్లీ మూడు, నాలుగు. ఏడక్షరాల తాళం, మిశ్రచాపు. జగన్నాధం ఇంట్లో ఏ పని చేసినా మిశ్రచాపులోనే చేసేవాడు. పచ్చడి నూరినా అదే, బట్టలకి సబ్బు రుద్దినా అదే. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకి చెయ్యి ఆడితే ఆ లెక్కలోనే ఆడుతుంది, ఆమె అడగకపోయినా ఆడుతుంది. ఏ గుండే మిశ్రచాపులో కొట్టుకోదు.

పట్టీలో పద్నాలుగో సెకను దగ్గర దెబ్బలు ఆగాయి. రెండున్నర సెకన్లు. ఆ తరవాత మళ్లీ తకిట తకధిమి. ఆ రెండున్నర సెకన్ల జాగాలో గీత చదునుగా లేదు. సన్నగా, పిచ్చిగా, ఏ లెక్కకీ అందకుండా వణుకుతోంది.

ఈశ్వరికి అంతా తెలిసిపోయింది. పెట్టె విన్నది ఆయన గుండెను కాదు, ఆమె చేతులను. ఆమె చేతులు ఒళ్లంతా ఊపుతుంటే ఆ ఊపునే గుండె అనుకుంది. కింద నిజం గుండె షాక్ కోసం వణుకుతూ ఉంటే, పైన కూతురు నిండు ప్రాణమున్న గుండెను వాయించి చూపించింది. తెరమీద ఎర్ర మీట, పచ్చ మీట పక్కపక్కనే ఉన్నాయి. పచ్చ నొక్కితే ముగ్గురి మాటా ఒకటవుతుంది, ఇక ఎవరూ ఆ పట్టీ తెరవరు. అమ్మ మాట అమ్మకి మిగులుతుంది, ఆమె బతుకు ఆమెకి మిగులుతుంది. ఎరుపు నొక్కితే శుక్రవారం అందరి ముందూ చెప్పాలి, మా నాన్నకి అందాల్సిన షాక్‌ని నా చేతులు అడ్డుకున్నాయని. ఆమె ఏదీ నొక్కలేదు. తలనొప్పి అని చెప్పి ఇంటికి వెళ్లిపోయింది.

తాయారు గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఈశ్వరి పక్కన కూర్చుని తనూ రెండు కాయలు తీసి, "అమ్మా, ఆ రోజు నాన్న కాళ్లు రాస్తన్నప్పుడు నాను మద్దిలో ఆపేనేటి?" అంది.

"ఇప్పుడదెందుకే?"

"సెప్పు."

తాయారు ఆలోచించాల్సిన పని లేదు, ఆ పదినిమిషాలూ ఆమె కళ్లముందే ఉంటాయి. "ఓపాలి ఆపేవు. గాజు అడ్డమొస్తన్నాదనీసి తీసి నా ఒళ్లో పడేసేవు. మల్లీ రాసేవు. ఎంత రాసేవే నువ్వు, సేతులు ఎర్రగా కందిపోనాయి." అని కూతురి చెయ్యి తీసుకుని, ఇంకా కందే ఉందేమోనన్నట్టు తిప్పి చూసింది. చిక్కుడుకాయలన్నీ అయ్యేదాకా ఈశ్వరి అక్కడే కూర్చుంది.

మర్నాడు ఆఫీసుకి వెళ్లగానే, గొడుగు కూడా ముడవకుండా, ఎర్ర మీట నొక్కింది. ఎందుకు నొక్కిందంటే చెప్పడం కష్టం. ఇన్నేళ్లు వెతికి దొరకబుచ్చుకున్న గుండె మీద అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు, అంతే.

శుక్రవారం డాక్టరుగారు కాగితం దులిపి, "నూట పద్దెనిమిది. నేనూ పచ్చ, కామేషూ పచ్చ. నువ్వొక్కదానివే ఎరుపు. ఏటమ్మా, ఏటి సూసేవు ఇందులో?" అన్నాడు.

"అది గుండె కాదు సార్."

"ఒక పొట్టి, ఒక పొడుగు, ఒక పొట్టి, ఒక పొడుగు. ఇలాటివి నేను వెయ్యి సూసేను. పుస్తకంలో దీనికి పేరు కూడా ఉన్నాది."

"పొట్టికీ పొడుక్కీ లెక్క సూడండి సార్. మూడుకి నాలుగు. మొదలు నుంచి ఆకరి దాకా మూడుకి నాలుగే, అరక్షరం తప్పలేదు. గుండెకి ఇంత తాళం ఉండదు. ఇది మిశ్రచాపు. ఎవరో అరికాళ్లు రాస్తన్నారు."

డాక్టరు ఆమెను చూశాడు, కామేష్‌ని చూశాడు. "బల్లెక్కి తొంగో" అన్నాడు కామేష్‌తో. వాడు చెప్పులు విప్పి, చొక్కా విప్పి, రెండు బిళ్లలు ఛాతీకి అంటించుకుని పడుకున్నాడు. ఈశ్వరి పాదం పట్టుకుందో లేదో మెలికలు తిరిగిపోయాడు. "అక్కా, సక్కిలిగింతలు, నా వల్ల కాదు." డాక్టరు వాడి నెత్తిన ఫైలుతో ఒకటిచ్చి, "సచ్చినోడికి సక్కిలిగింతలేట్రా, కదలకు" అన్నాడు. ఈశ్వరి కళ్లు మూసుకుని రాసింది. ఆమె చేతులకి అలవాటైన పనే, అవి వాటి లెక్కన అవి పోయాయి. కళ్లు తెరిచేసరికి తెరమీద కామేష్ గుండె చిన్న చిన్న దెబ్బలుగా వెనక ఎక్కడో నడుస్తోంది. వాటిమీద పెద్ద పెద్ద దెబ్బలు. మూడు, నాలుగు. మూడు, నాలుగు.

వీధి చివర వయొలిన్ ఒక్కటే వినిపించింది. డాక్టరుగారు నూట పద్దెనిమిదిని ఈ కొత్త గీత పక్కన పెట్టి, రెంటినీ చాలాసేపు చూసి, ఆ ఖాళీ జాగా మీద వేలు పెట్టాడు. "మరి ఇక్కడ? ఈ రెండున్నర సెకన్లు ఎందుకు ఆగేరు?"

"అక్కడ గాజు తీసేను సార్" అంది ఈశ్వరి.

అన్నాక గాని ఏమన్నదో ఆమెకి తెలియలేదు. కామేష్ బల్లమీద లేచి కూర్చున్నాడు. డాక్టరు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. నాలుగేళ్ల కిందట మండపంలో పోయిన డోలు జగన్నాధం కూతురే ఈమె అని ఆయనకి తెలుసు. తెలిసి కూడా ఈ పట్టీల్లో అదొకటి ఉంటుందని తోచలేదు. నిదానంగా తన పచ్చ కొట్టేసి ఎరుపు రాశాడు. కామేష్ కూడా దిద్దాడు. డాక్టరుగారు పెట్టె గడిలో 'తప్పు' అని రాయబోతుంటే ఈశ్వరి ఆయన చెయ్యి ఆపింది.

"పెట్టె తప్పు కాదు సార్. ముట్టుకోవద్దని మూడుసార్లు సెప్పింది. నా సెయ్యి తప్పు."

"ఏ తెలుగులో సెప్పింది? స్పృశించరాదు, అదేనా? నాకే రెండోసారి వింటే గాని తెలీదు" అన్నాడు ఆయన. "మనిషికి తెలీని మాట సెప్పి, వినలేదంటే ఎలాగ? మనం ఇన్నాళ్లూ గీతలు పరీక్షించేము గాని ఈ పెట్టె నోరు పరీక్షించలేదు. తప్పు పెట్టెదీ, మాదీ." గొంతు తగ్గించాడు. "షాక్ ఇస్తే లేచి కూర్చునేవాడని నేను సెప్పను. లేచేవాడు కాదనీ సెప్పను. జాలి పడకూడదన్నది నేనే. ఈ ఒక్క పట్టీకి నన్నొదిలెయ్యి." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు.

ఆదివారం తల్లీకూతుళ్లు శ్రీకూర్మం వెళ్లారు. జగన్నాధం పోయాక నెలకోసారి తాయారు వెళ్తుంది, తాబేళ్లకి తోటకూర తీసుకెళ్తుంది. ముసురు పట్టి గుడి ఆవరణ తడితడిగా ఉంది, జనం లేరు. తాబేళ్లు మెడలు చాచి, ఆకు అందుకుని, ప్రపంచంలో ఏ తొందరా లేనట్టు నములుతున్నాయి. ఈశ్వరి నేలమీద చూపు పెట్టి చెప్పింది. పట్టీ గురించి చెప్పింది, మిశ్రచాపు గురించి చెప్పింది, గాజు తీసిన రెండున్నర సెకన్ల గురించి చెప్పింది. పెట్టె అక్కర్లేదన్నది నాన్న గుండె విని కాదమ్మా, నా చేతులు విని, అంది.

తాయారు చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. ఒక తాబేలు దానికోసం మెడ చాచి చాచి విసిగి పక్కకి పోయింది. కూతురు చెప్పింది తల్లికి అర్థమయిందో లేదో తెలియలేదు. ఈశ్వరి మళ్లీ చెప్పడానికి నోరు తెరవబోయింది.

"రాయమన్నది నాను" అంది తాయారు.

"అది కాదమ్మా."

"నువ్వేటి సేసేవే. నువ్వు తాళమేసుకుని కూకున్న గుంటవి. రాయే, రాయే అని అరిసింది నాను. మూడొందల మందీ ఇన్నారు." ఆమె ఏడవలేదు. మిగిలిన తోటకూర అంతా ఒకేచోట పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది. "నాలుగేళ్లు నీ కడుపులో ఎట్టుకున్నావేటే ఇది?"

"తెలిసింది మొన్న బుధవారం."

"తెలవకపోయినా ఎట్టుకున్నావు, నాను సూడలేదేటి" అంది. తిరుగు బస్సులో కూతురి భుజం మీద తలపెట్టి పడుకుంది. వైపరు ఊగుతోంది. ఈశ్వరి ఆ రోజు దాన్ని లెక్కపెట్టలేదు.

ఇంటి మలుపు దగ్గర దిగాక తాయారు, "ఆ పెట్టె తెలుగు మార్సరేటి?" అని అడిగింది.

"మారుస్తారు. డాక్టరుగారు రాయించేరు. మంచి గొంతు కోసం ఎతుకుతన్నారు."

"మంచి గొంతు ఎందుకూ, ఇనిపించే గొంతు గావాల. అరిసిన నోరు నాదే గదా. వద్దని కూడా నానే సెప్తాను."

శ్రావణం మొదట్లో ఒక పొద్దున్న తాయారు ఆ మేడ మెట్లెక్కింది. జరీ అంచు చీర కట్టింది, తలలో ఒక కనకాంబరం మాల పెట్టింది, పెళ్లికి వెళ్తున్నట్టు తయారయింది. కామేష్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మైకు సర్ది, చేతిలో కాగితం పెట్టాడు. ఆమె కూడబలుక్కుని రెండు మాటలు చదివి, కాగితం వాడికే ఇచ్చేసింది. "ఏటిది నాయనా, మల్లీ మంత్రాలే రాసేరు. నాకు తెలిసినట్టు నాను సెప్తాను, నువ్వు పట్టుకో."

పరీక్ష ఎలా జరగాలంటే, లోపల వణికే గుండె గీత నింపిన రబ్బరు బొమ్మను బల్లమీద పడుకోబెట్టి, దాని ఛాతీకి బిళ్లలు తగిలించి, ఒకరు కాళ్లు రాస్తూ ఉండాలి. గొంతు వినగానే ఆ మనిషి ఆగాలి. ఎన్ని సెకన్లకి ఆగారో డాక్టరు రాసుకుంటాడు. కాళ్ల దగ్గర ఎవరుండాలని ఎవరూ అడగలేదు. ఈశ్వరి వెళ్లి నిలబడింది. రబ్బరు పాదాలు చల్లగా ఉన్నాయి. ఆమె రాయడం మొదలుపెట్టింది, తకిట తకధిమి. గది మసకబారి మండపమయింది, అక్షింతల వాసన వచ్చింది, శ్రుతిపెట్టె ఎక్కడో మోగుతూనే ఉంది.

"కాళ్లు రాయకండి" అంది తాయారు మైకులోకి. కేక కాదు, అలాగని నెమ్మదీ కాదు. వంటింట్లోంచి వీధిలో పిల్లల్ని పిలిచే గొంతు. "ఎవలూ ముట్టుకోకండి. సేతులు తీసియ్యండి. గుండె ఏటంటన్నాదో ఇంటన్నాను."

ఈశ్వరి చేతులు ఆగలేదు. విన్నది, అర్థమయింది, అయినా నాలుగేళ్లుగా ఆడుతున్న చేతులు మాట వినలేదు. డాక్టరు గడియారం చూస్తున్నాడు. తాయారు మైకు వదిలేసి కూతురి వైపు తిరిగింది.

"తియ్యే ఈశ్వరీ" అంది. "నాన్న గుండెని ఇననియ్యి."

కామేష్ తరవాత ఆ రెండు మాటలూ కత్తిరించేశాడు, పెట్టెల్లో అవి ఉండవు. ఈశ్వరి చేతులు తీసి వెనక్కి కట్టుకుంది. తెరమీద గీత తన దారిన తను వణికింది, పెట్టె దాన్ని చివరిదాకా విన్నది.